గుడ్డులోని పిల్లకు చెవులుంటాయి



పొదగేసిన గుడ్డు చెవిటిదనుకుంటాం మనం. వేడి తగిలితే చాలు, 21 రోజులకు పిల్ల వస్తుందని మన లెక్క. వేడి సంగతి నిజమే. కాని పొదుగు సగం దాటేసరికి, అంటే సుమారు 12వ రోజు నాటికి, లోపలి పిల్లకు చెవులు పనిచేయడం మొదలవుతుంది. బయటి చప్పుడును పెంకు ఆపలేదు.

సిరిసిల్ల అక్కలు ఈ మాట కాస్త చెవిన వేసుకోవాలి. ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచాలు ఆడుతుంటాయి, ఆ గోడ వారనే కోడి గంప! జగిత్యాల వైపు రైసుమిల్లు మోత, పెళ్లిళ్ల రోజుల్లో డీజే సరేసరి. బీడీలు చుట్టుకుంటూ నాలుగు కోళ్లు పెంచుకునే ఇల్లాలికి పది పన్నెండు పిల్లలంటే తన చేతి డబ్బు. అది తక్కువదేమీ కాదు.

ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో శశి వాధ్వా గారు, వారి తోటివారు ఈ విషయమై చాలా ఏండ్లు పరిశోధించినారు. పొదుగులో ఉన్న గుడ్లకు 65 డెసిబెల్స్‌లో, అంటే మనం మామూలుగా మాట్లాడుకునేంత స్థాయిలో, కోడి అరుపులు గాని సంగీతం గాని వినిపిస్తే, పుట్టిన పిల్లలు దారి తెలుసుకోవడంలో చురుకుగా ఉన్నాయట. 2013లో ప్రచురించిన పరీక్షలో చప్పుడును 110 డెసిబెల్స్‌కు పెంచినారు. అంటే చెవి దగ్గర అరిచినా వినబడనంత మోత. వట్టి రొద విన్న గుడ్లలోంచి వచ్చిన ఒక్కరోజు పిల్లల రక్తంలో నోరాడ్రినలిన్ విపరీతంగా పెరిగింది. ఉలికిపాటు, భయం కలిగితే ఒంట్లో ఊరే పదార్థమది. ఆ పిల్లలు దారి కనిపెట్టడంలో వెనకబడ్డాయి కూడా. చిత్రమేమిటంటే, అంత గట్టిగానే సంగీతం విన్నవాటికి ఆ పదార్థం కొద్దిగానే పెరిగింది, నేర్పు తగ్గలేదు సరికదా పెరిగింది. అందుకని గంప పక్కన రేడియో పెట్టమని చెప్పడం లేదు సుమా! తాళం లేని రొద వేరు, లయ ఉన్న ధ్వని వేరు అని మాత్రం తెలుస్తున్నది.

షెడ్డు గోడ దాటితే మోత కొంత తగ్గుతుంది గనుక బెంగ పడనక్కర్లేదు. అయినా గంపను ఇంటి అవతలి మూలకు జరపడానికి ఖర్చేమున్నది? పెట్ట మాటిమాటికి బెదిరి లేస్తే గుడ్లు చల్లబడతాయి, అది ఇంకో నష్టం. జరిపేదేదో పొదగేసే రోజే జరపండి. మిషన్‌లో పొదిగించేవారికి కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉన్నది, వెళ్లి అడగవచ్చు.

చివరి మూడు రోజులు మరీ ముఖ్యం. అప్పటికి పిల్ల, గుడ్డు లావు కొనలో ఉండే గాలి గదిలోకి ముక్కు పెట్టి ఊపిరి తీస్తుంది, కీచుమంటుంది. పెట్ట గొణుగుతూ బదులిస్తుంది. గుడ్లు ఒకదాని చప్పుడు ఒకటి విని దాదాపు ఒకేసారి పగులుతాయని 1960లలో కేంబ్రిడ్జిలో మార్గరెట్ విన్స్ గారు కౌజుపిట్ట గుడ్ల మీద చూపినారు. కాబట్టి అప్పుడు గుడ్లను విడదీయకండి, ఒకదానికొకటి తగులుతూ ఉండనివ్వండి. పిల్లల బొచ్చు ఆరేదాకా పెట్టను లేపకండి.