ఇప్పపువ్వు లడ్డు

ఇప్పపువ్వు లడ్డు ఉత్తర తెలంగాణలోని గోండు, కొలాం తదితర ఆదివాసులు తయారుచేసుకొనే బలవర్ధక ఆహారం. ఎండిన ఇప్పపూలు, పల్లీలు, నువ్వులు, బెల్లం ఇందులోని ముఖ్యమైన దినుసులు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, ముఖ్యంగా ఉట్నూరు ప్రాంతంలో దీని వాడుక ఎక్కువ. రక్తహీనతను తగ్గిస్తుందని దీనికి పేరున్నది.

చెట్టు, పువ్వు

ఇప్పచెట్టు శాస్త్రీయ నామం మధుకా లాంగిఫోలియా. ఇది సపోటా కుటుంబానికి చెందినది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కండగల లేతపసుపు పూలు తెల్లవారుజామున రాలుతాయి. వాటిని ఏరి, ఎండబెట్టి ఏడాది పొడవునా నిలవ చేసుకుంటారు. పట్టణవాసులలో చాలామందికి ఇప్పపువ్వు అనగానే సారాయే గుర్తుకు వస్తుంది గాని, అడవి పల్లెల్లో అది మొదటినుంచీ ఆహారమే. పులియబెట్టని పువ్వుతో చేసే లడ్డులో మత్తు ఉండదు.

పూలను శుభ్రపరచి, దోరగా వేయించి, వేయించిన పల్లీలు, నువ్వులతో దంచి, బెల్లం కలిపి ఉండలు కడతారు. ఉట్నూరులోని భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం వీటిని తయారుచేసి విక్రయిస్తున్నది. 2025 మార్చి 30న ప్రసారమైన "మన్ కీ బాత్"లో ప్రధానమంత్రి ఆదిలాబాదు మహిళల ఇప్పపువ్వు వంటకాలను ప్రస్తావించారు.

పోషక విలువలు

ఎండిన ఇప్పపువ్వులో సగానికి పైగా చక్కెరలే. అందువలన ఇది వెంటనే శక్తినిస్తుంది. మధుమేహం ఉన్నవారు జాగ్రత్త వహించాలి. మాంసకృత్తులు, కొవ్వు పల్లీలు, నువ్వుల నుండి లభిస్తాయి.

ఇనుము విషయంలో కొంత లెక్క అవసరం. వంద గ్రాముల నువ్వులలో సుమారు 14 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఒక లడ్డులో పది గ్రాముల నువ్వులు పడినా వాటినుండి వచ్చేది 1.4 మిల్లీగ్రాములే. భారత వైద్య పరిశోధన మండలి 2020లో గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాముల ఇనుము అవసరమని సూచించింది. పైగా గింజలలోని ఫైటేట్లు ఇనుమును పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. నిమ్మ, ఉసిరి వంటి పుల్లని పండ్లు తోడైతే కొంత మెరుగు. భోజనం వెంటనే తాగే టీ దానికి అడ్డు.

కనుక లడ్డు మంచి ఆహారమే గాని ఇనుము మాత్రకు బదులు కాదు. 2018లో ప్రారంభమైన "అనీమియా ముక్త్ భారత్" కార్యక్రమం ప్రకారం గర్భిణులకు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్రను రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఇస్తారు. కడుపులో వికారం, మలం నల్లబడటం చూసి భయపడి చాలామంది మధ్యలో మానేస్తారు. నల్లబడటం వలన హాని లేదు. వికారం ఎక్కువైతే మాత్ర మానకుండా ఆశా కార్యకర్తను గాని వైద్యుని గాని అడగాలి.

పట్టణ ప్రాంతాలలో

పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు పడమటనున్న భైంసా (2016 నుండి నిర్మల్ జిల్లా) అడవి ప్రాంతం కాదు. పత్తి, సోయా, కంది పండే నల్లరేగడి నేల. ఇటువంటి పట్టణాలలో లడ్డు స్థానాన్ని మందుల దుకాణాలలోని టానిక్కులు, పొడి డబ్బాలు ఆక్రమించాయి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016 నిబంధనల ప్రకారం ఇటువంటి ఆహార అనుబంధాల డబ్బాపై "ఔషధంగా వాడరాదు" అనే అర్థంలో హెచ్చరిక ఉండాలి. అది ఆంగ్లంలో, చిన్న అక్షరాలలో ఉండడంతో కొనేవారిలో చదివేవారు తక్కువ.

రక్తపరీక్ష

గర్భిణిలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాములకన్న తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. అయితే రక్తహీనత అంతా ఇనుము లోపం వలన రాదు. గోండు తదితర ఆదివాసులలో కనిపించే సికిల్ సెల్ వ్యాధి వంశపారంపర్యమైనది. లడ్డు గాని టానిక్కు గాని దానిని నయం చేయలేవు. ఈ వ్యాధిని గుర్తించేందుకు 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. ఎంత తిన్నా నీరసం తగ్గని పిల్లలకు, కీళ్ళనొప్పులతో తరచు బడి మానేసే పిల్లలకు ముందుగా ఈ పరీక్ష చేయించాలి.