పూత పట్టకముందే పీకెయ్యాలి!

మా పుట్టిల్లు కోనసీమ. ఊడ్పులయ్యాక మా చేలో కలుపు తీయడానికి పదీ పన్నెండుమంది ఆడవాళ్లు వచ్చేవారు. గట్టుమీద నిలబడి వాళ్లకి మజ్జిగ పోసి రావడమే నా పని. చేలోకి దిగి ఒక్క ఊద మొక్క పీకిన పాపాన పోలేదు. అరవయ్యేళ్లు దాటాక, ఏడు సముద్రాల అవతల, అదే పని నా మెడకి చుట్టుకుంటుందని కలలోనైనా అనుకోలేదు!

మేముండేది అమెరికాలోని వర్జీనియాలో. 2016లో మావారు రిటైరయ్యాక ఆరెకరాల అడవి, అందులో చిన్న ఇల్లు కొన్నాం. అడవంటే సర్కారుదే అనుకుంటాం కదా మనం. ఇక్కడ తూర్పు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం అడవి సొంతదారులదే. బాగుచేసుకున్నా మనమే, పాడుచేసుకున్నా మనమే.

మొదటి వసంతంలో చెట్లకింద తెల్లటి బ్లడ్‌రూట్ పూలు విరగబూశాయి. వేరు తుంచితే ఎర్రటి రసం వస్తుంది, అందుకే ఆ పేరు. ఆ పూల కోసమే ఈ స్థలం కొన్నామా అనిపించింది.

తివాచీ కాదు, కొరివి!

2018 వేసవిలో బండిదారి పక్కన లేతపచ్చటి గడ్డి మొలిచింది. తివాచీలా ఉందని ఫొటో తీసి పిల్లలకి పంపాను కూడా. రెండో ఏడు వసంతంలో చూస్తే పూలు సగానికి సగం లేవు. గుండె గుభేలుమంది. ఒక మొక్క పీకి కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి పట్టుకెళ్లాను.

దాని పేరు జపనీస్ స్టిల్ట్‌గ్రాస్. వెదురాకుని చిన్నది చేసినట్టుంటుంది, ఆకు మధ్యన వెండిగీత. ఈ దేశంలో మొదట కనిపించింది 1919లో, టెనెసీ రాష్ట్రంలో. చైనా పింగాణీ సామాను పగలకుండా చుట్టిన గడ్డితో వచ్చి ఉంటుందంటారు. నీడలోనూ పెరుగుతుంది. జింకలు దీన్ని ముట్టవు, పక్కనున్న లేతమొక్కల్ని మాత్రం మేసేస్తాయి. ఇక దానికి అడ్డేముంది?

మేం చేసిన తప్పు

తెలిసీ తెలియక 2019 జూన్‌లో మావారు మిషన్ పెట్టి మొత్తం కోసేశారు. "పీడా పోయింది" అనుకున్నాం. అది మళ్లీ చిగిర్చి, ఈసారి నేలకి అంటుకున్నట్టు పొట్టిగా పెరిగి పూత పట్టింది!

"మందు కొట్టించేద్దాం" అన్నారు మావారు. కింద వాగుంది, వద్దంటాను నేను. వారం రోజులు మా ఇద్దరికీ మాటల్లేవంటే నమ్మండి. చివరికి రాజీకొచ్చాం. గడ్డిని మాత్రమే చంపే మందు, సీసామీద రాసిన మోతాదులో, వాగుకి దూరంగా, బండిదారి పొడుగునే. చెట్లకిందంతా చేత్తోనే.

నేర్చుకున్నది ఇదీ

* ఇది ఏడాది మొక్క. చలికి చచ్చిపోతుంది, గింజతోనే మళ్లీ పుడుతుంది. గింజ పడనివ్వకపోతే చాలు.
* ఆగస్టు చివర, పూత సమయంలో పీకాలి. వేరు లోతుండదు, వాన పడ్డాక ఇట్టే వస్తుంది. కోసేదైనా అప్పుడే, నేలకి ఆనించి కోయాలి.
* తక్కువున్న చోట మొదలుపెట్టి, ఎక్కువున్న వైపు వెళ్లాలి.
* గింజ పట్టినవైతే సంచిలో కట్టెయ్యాలి. చెప్పులకీ, టైర్లకీ అంటిన మట్టి కడుక్కోవాలి. మాకు బండిదారిన వచ్చింది అలాగేనేమో!
* ఒక్కో మొక్క వందల గింజలు రాలుస్తుంది. అవి మట్టిలో మూడు నుంచి అయిదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువకాలం బతుకుతాయి. ఒక ఏడు బద్ధకిస్తే పడ్డ శ్రమంతా వృథా.

2023లో ఊరెళ్లినప్పుడు, అప్పట్లో మా చేలో కలుపు తీసినావిడ కనిపించింది. నా అరచేతుల్లో కాయలు చూసి "ఇదేటండి అమ్మాయిగారూ!" అని బుగ్గలు నొక్కుకుంది. సంగతంతా చెప్పి "అయిదేళ్లు పడుతుందట" అన్నాను. "అయిదేళ్లేనాండీ? మాకు జీవితమంతా తీరలేదండి ఆయ్" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజుల్లో గట్టుమీద నిలబడి ఏం చూశానో అనిపించింది.

2024 వసంతంలో పెద్ద ఓక్ చెట్టు కింద పదకొండు బ్లడ్‌రూట్ పూలు పూశాయి. వాగుగట్టున గడ్డి ఇంకా మిగిలే ఉంది. నడుం నొప్పీ ఉంది. అయినా ఏటా ఆగస్టు వస్తే గ్లౌజులు తొడుక్కుని దిగుతాను.

మీ వీధి చివరా వయ్యారిభామ ఉండే ఉంటుంది. ఒంటికి తగిలితే దద్దుర్లొస్తాయి కాబట్టి చేతులకి తొడుగు వేసుకుని, తెల్లపూత రాకముందే పీకెయ్యండి. "చిన్న మొక్కేగా" అని మాత్రం వదలకండి!