కోడి డైనోసారే, టెరోసార్ కాదు

పిల్లలకు కొనే డైనోసార్ బొమ్మల పెట్టె తెరిచి చూడండి. పదో పన్నెండో ప్లాస్టిక్ జంతువులుంటాయి. వాటిలో రెక్కలు చాచిన టెరోసార్ దాదాపు తప్పకుండా ఉంటుంది. వీపు మీద ఎత్తయిన పొర నిలబడ్డ డైమెట్రోడాన్, సముద్రంలో ఈదే పొడవాటి మెడ ప్లీసియోసార్ కూడా చాలాసార్లు కనిపిస్తాయి. ఈ మూడూ డైనోసార్లు కావు. డైమెట్రోడాన్ అయితే డైనోసార్లు పుట్టడానికి దాదాపు 4 కోట్ల ఏళ్ల ముందే అంతరించింది. చుట్టరికం లెక్క కడితే అది డైనోసార్ల కన్నా మనకే దగ్గర. అచ్చంగా డైనోసార్ వంశానికి చెందిన కోడి మాత్రం ఆ పెట్టెలో ఉండదు.

ఈ తప్పు బొమ్మలు చేసేవాళ్లది మాత్రమే కాదు. పాతకాలపుది, పెద్దది, భయపెట్టేది అయితే చాలు, డైనోసార్ అనేయడం మనందరికీ అలవాటే. శాస్త్రజ్ఞులు ఈ మూడు గుణాలనూ పట్టించుకోరు. వాళ్లు చూసేది ఎముకలనూ కీళ్లనూ. అందులోనూ ఒక షరతు ఉంది. రెండు జంతువులకు ఒకే లక్షణం ఉంటే సరిపోదు, ఆ లక్షణం ఎప్పుడు పుట్టిందన్నది ముఖ్యం. నాలుగు కాళ్లు బల్లికీ ఉన్నాయి, ఆవుకూ ఉన్నాయి. అది మరీ పాత ఆస్తి, అందరికీ పంచి వచ్చింది. దాన్ని చూపించి బల్లీ ఆవూ దగ్గరి బంధువులనలేం. ఒక పూర్వజీవిలో కొత్తగా పుట్టి, దాని సంతతికి మాత్రమే దక్కిన లక్షణాలే బంధుత్వానికి సాక్ష్యం.

1842లో ఇంగ్లండ్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 'డైనోసారియా' అనే వర్గాన్ని ఏర్పరచినప్పుడు ఆయన ముందున్నవి మూడే మూడు జంతువులు: మెగలోసారస్, ఇగ్వానోడాన్, హైలియోసారస్. వాటిలో ఒక్కదానికీ పూర్తి అస్థిపంజరం లేదు. అయినా నడుము దగ్గర వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉండటం, కాళ్లు పక్కలకు కాకుండా శరీరం కిందికి నిలువుగా ఉండటం ఆయన కంటపడ్డాయి. ఆయన ఊహించిన రూపాలు ఇవాళ నవ్వు తెప్పిస్తాయి గానీ, నడుము దగ్గర చూడాలన్న ఆలోచన మాత్రం నిలబడింది.

తుంటి కీలు సంగతే తీసుకుందాం. బల్లి తొడ ఎముక పక్కకు పొడుచుకొస్తుంది. దాని తల ఇరుక్కునే తుంటి గుంటకు అడుగు మూసి ఉంటుంది, ఎందుకంటే తోపు లోపలివైపుకే పడుతుంది. డైనోసార్‌లో తొడ ఎముక తల లోపలికి మడత తిరిగి ఉంటుంది, కాలు స్తంభంలా నిటారుగా దిగుతుంది. బరువంతా గుంట పై అంచు మీద పడుతుంది గనక ఆ అంచు మందమెక్కింది. అడుగుకు పని లేకుండా పోయింది. తుంటిలోని మూడు ఎముకలు కలిసేచోట ఒక రంధ్రమే మిగిలింది. మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరాన్ని పక్కనుంచి చూస్తే, తొడ ఎముక లేనిచోట, ఆ రంధ్రంలోంచి అవతలి గోడ కనిపిస్తుంది. కోడి తుంటిలోనూ అదే రంధ్రం.

ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పేయవచ్చా? కుదరదు. ఒళ్లంతా ఎముక కవచం కప్పుకున్న అంకిలోసార్లలో ఆ రంధ్రం తర్వాతి కాలంలో మళ్లీ మూసుకుపోయింది. అవి డైనోసార్లు కాకుండా పోలేదు. అందుకే ఇవాళ వందల లక్షణాలను పట్టిక వేసి, కంప్యూటర్‌తో లెక్క కట్టి వంశవృక్షం గీస్తారు. ఒక సాక్షి తడబడినా మిగతావాళ్లు నిలబెడతారు.

ఆ వంశవృక్షంలో డైనోసార్లూ టెరోసార్లూ కూర్చున్న పెద్ద కొమ్మ పేరు ఆర్కోసార్లు. దాదాపు 25 కోట్ల ఏళ్ల కిందట ఈ కొమ్మ రెండుగా చీలింది. ఒక పాయ మొసళ్ల వైపు, ఇంకొకటి పక్షుల వైపు వెళ్లింది. రెండో పాయలోనే టెరోసార్లు, డైనోసార్లు పుట్టాయి. ఈ రెండు పాయలను వేరుచేయడానికి చాలాకాలం పండితులు నమ్ముకున్నది చీలమండను.

చీలమండ పై వరసలో రెండు ఎముకలుంటాయి. మొసలిలో మడత ఆ రెండింటి మధ్యలో పడుతుంది. ఒకటి మోకాలి కింది ఎముకతో ఉండిపోతుంది, రెండోది పాదంతో పాటు తిరుగుతుంది, వెనక్కి మడమలా పొడుచుకొస్తుంది. డైనోసార్‌లో అలా కాదు. రెండూ పైఎముకకే అంటుకుని ఉంటాయి, మడత వాటి కింద పడుతుంది, తలుపు బందులా ముందుకూ వెనక్కూ మాత్రమే ఆడుతుంది. దీన్ని చూడటానికి శిలాజం అక్కర్లేదు, కోడి లెగ్ పీస్ చాలు. ఆ ఎముక సన్నటి చివర రెండు గుండ్రటి ఉబ్బులుంటాయి. కోడిపిల్లలో విడిగా ఉండి, పెరిగేకొద్దీ కాలి ఎముకలో కలిసిపోయిన చీలమండ ఎముకలే అవి. బతికున్న కోడికి మోకాలు వెనక్కి వంగినట్టు కనిపించేది కూడా నిజానికి చీలమండే. అసలు మోకాలు పైన, ఈకల చాటున ఉంటుంది.

టెరోసార్ల చీలమండ కూడా ఇలాంటిదే. 1980లలో కెవిన్ పేడియన్, జాక్ గోతియే వంటివారు టెరోసార్లు డైనోసార్ల దగ్గరి చుట్టాలని వాదించడానికి అదొక ముఖ్య ఆధారమైంది. మొసలి చీలమండ ఉంటే మొసలి పాయ, బందు చీలమండ ఉంటే పక్షి పాయ. పుస్తకాల్లో ఈ సూత్రం చక్కగా స్థిరపడింది.

దాన్ని కదిలించిన జంతువు టాంజానియాలో దొరికింది. 1933లో రెక్స్ పారింగ్టన్ అక్కడ సేకరించిన ఎముకల మీద 1950లలో అలన్ చారిగ్ డాక్టరేట్ పరిశోధన చేశాడు, టెలియోక్రేటర్ అని పేరు కూడా అనుకున్నాడు. కానీ దొరికిన ఎముకలు చాలక అది ఎవరి చుట్టమో తేలలేదు. 1997లో చారిగ్ చనిపోయాడు. 2015లో అదే ప్రాంతంలో మరిన్ని ఎముకలు బయటపడ్డాయి. 2017లో స్టెర్లింగ్ నెస్‌బిట్ బృందం 'నేచర్' పత్రికలో వివరాలు ప్రకటించింది. రచయితల జాబితాలో చారిగ్ పేరునూ చేర్చింది. దాదాపు 24.5 కోట్ల ఏళ్ల నాటి ఆ జంతువుది పొడవాటి మెడ, నాలుగు కాళ్ల నడక, మాంసాహారం. మెడ, తొడ, పుర్రె లక్షణాలన్నీ పక్షి పాయలోకి చేరుస్తున్నాయి. చీలమండ మాత్రం మొసలిది!

అంటే మొసలి చీలమండ మొసళ్ల సొంతం కాదు, రెండు పాయలకూ ఉమ్మడి పూర్వికుల నుంచి వచ్చిన పాత సొత్తు. దాన్ని మొసళ్లు అట్టిపెట్టుకున్నాయి, పక్షి పాయ తర్వాత మార్చుకుంది.

తెలుగువాళ్లకు ఈ కథలో నేరుగా భాగముంది. ప్రాణహిత-గోదావరి లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లా ప్రాంతంలో, ఎర్రపల్లి పేరుతో పిలిచే ఎర్రమట్టి రాళ్ల పొరలున్నాయి. వాటిలో దొరికిన ఒక జంతువుకు 2005లో యారాసూకస్ దక్కనెన్సిస్ అని పేరు పెట్టారు. అప్పట్లో దాన్ని మొసళ్ల పాయలోని వేటజంతువుల్లో చేర్చారు. టెలియోక్రేటర్ పక్కన పెట్టి చూసేసరికి రెండూ ఒకే చిన్న కుటుంబానివని తేలింది. ఆదిలాబాద్ జంతువు మొసళ్ల ఇంట్లోంచి పక్షుల ఇంట్లోకి మారింది. డైనోసార్లూ టెరోసార్లూ పుట్టకముందే ఆ పాయ నుంచి విడిపోయిన తొలి రెమ్మల్లో అదొకటి. కొన్నేళ్లు అరలో తప్పు చీటీతో ఉన్న ఎముకలకు ఇంత విలువ ఉంటుందని ఎవరూ అనుకోలేదు. కొత్త తవ్వకాలకు ఇచ్చే ప్రచారంలో కొంతైనా పాత సేకరణల పునఃపరిశీలనకు దక్కాలని నా అభిప్రాయం.

ఇక టెరోసార్. 1784లో జర్మనీ సున్నపురాతిలో దొరికిన మొదటి నమూనాను వర్ణించిన కోసిమో కొల్లినీ, అదేదో సముద్రజీవి అయివుంటుందేమో అనుకున్నాడు. 1801లో ఫ్రాన్స్‌లో జార్జ్ క్యువియే ఆ నమూనా చిత్రాన్ని చూసి, ఎగిరే సరీసృపమని గుర్తించాడు. ఆయన చూపు పడింది చేతి మీదే.

ఆ చెయ్యి జంతు ప్రపంచంలో మరెక్కడా లేదు. గబ్బిలం రెక్కకు నాలుగు వేళ్లు ఆధారం. పక్షి రెక్కకు ఈకలే ఆధారం, వేళ్లు కుదించుకుపోయి అతుక్కున్నాయి. టెరోసార్ రెక్కను మోసేది ఒకే ఒక్క వేలు, మన ఉంగరపు వేలికి సమానమైన నాలుగోది. అది మిగతా చేతికన్నా పొడవుగా సాగి, దాని కొస నుంచి వెనక కాలి దాకా చర్మపు పొరను పట్టి ఉంచింది. మొదటి మూడు వేళ్లు చిన్నగా, గోళ్లతో రెక్క ముందంచున మిగిలాయి. చిటికెన వేలు లేనే లేదు. మణికట్టు దగ్గర టెరాయిడ్ అనే సన్నటి పుల్లలాంటి ఎముక ఒకటుంటుంది. అది మరే జంతువులోనూ లేదు. మెడకూ మణికట్టుకూ మధ్య ఉన్న చిన్న పొరను ఎత్తడానికీ దించడానికీ పనికొచ్చేది. పెద్ద పొర కూడా వట్టి తోలు కాదు. లోపల బిరుసు నారలు, కండర పొర, రక్తనాళాలు ఉన్నట్టు మంచి శిలాజాల్లో ఆనవాళ్లున్నాయి.

నేల మీద అవి నాలుగు కాళ్లతో నడిచేవి. పెద్ద రెక్కవేలిని పైకి మడిచి, చిన్న వేళ్లను ఆనించి నడిచిన అడుగుల గుర్తులు రాళ్లలో దొరికాయి. 1971లో టెక్సాస్‌లో ఎముకలు బయటపడ్డ క్వెట్జాల్‌కోట్లస్ రెక్కలు చాస్తే 10 మీటర్ల పైమాటే. నిలబడితే జిరాఫీ అంత ఎత్తు. అంత జీవి గాల్లోకి ఎలా లేచింది? పక్షిలా కాళ్లతో గెంతి కాదు, చేతులను నేలకు తన్ని ఎగిరిందన్నది చాలామంది ఒప్పుకుంటున్న వివరణ. టెరోసార్ల చేతి ఎముకలు కాలి ఎముకలకన్నా చాలా బలమైనవి. లోపల గాలి నిండి, గోడలు అతి పల్చగా ఉన్న ఎముకలు బరువును తగ్గించాయి.

అసలు చిక్కు పుట్టుక దగ్గర వచ్చింది. దాదాపు 21-22 కోట్ల ఏళ్ల నాటి తొలి టెరోసార్లు దొరికినప్పటికే పూర్తిగా ఎగరగలిగినవి. సగం రెక్క ఉన్న జీవి ఇంతవరకు దొరకలేదు. అందుకే కొందరు పండితులు వాటిని డైనోసార్లకు దూరంగా, వేరే సరీసృపాల దగ్గర కూర్చోబెట్టారు.

2020లో మార్టిన్ ఎజ్కురా బృందం జవాబు వెతికింది రెక్కల్లో కాదు, పుర్రెలో. లాగర్‌పెటిడ్లు అనే రెక్కల్లేని చిన్న జంతువులుండేవి. చాలాకాలం వాటి కాళ్లు, నడుము ఎముకలే ఎక్కువగా తెలుసు గనక డైనోసార్లకు అతి దగ్గరి బంధువులని లెక్కవేశారు. బ్రెజిల్, అర్జెంటీనా, అమెరికా, మడగాస్కర్‌లలో దొరికిన ఎముకలను సీటీ స్కాన్ చేసి చూస్తే మెదడు ఆకారం, లోపలి చెవి గొట్టాలు, దవడ, పళ్లు టెరోసార్లతో కలిశాయి. లోపలి చెవి శరీరపు తూకాన్ని, చూపు నిలకడను కాపాడే అవయవం. అంటే ఎగరకముందే, చురుగ్గా గెంతుతూ తిరిగే రోజుల్లోనే గాలికి కావలసిన ఆ సరంజామా కొంత సిద్ధమైంది. 2022లో స్కాట్లాండ్‌కు చెందిన స్క్లెరోమోక్లస్ అనే చిన్న జీవి శిలాజాన్ని స్కాన్ చేసినప్పుడూ అదే దిక్కు చూపింది. రెక్క ఎలా సాగిందన్న ఖాళీ అలాగే ఉంది గానీ, టెరోసార్ల ఇల్లు ఎక్కడన్నది దాదాపు తేలినట్టే. డైనోసార్లు వాటికి పెదనాన్న పిల్లలు, తోబుట్టువులు కారు.

టెరోసార్ల ఒంటి మీద సన్నటి నూగు ఉండేది. బ్రెజిల్ నమూనా ఒకదానిలో అది కొమ్మలుగా చీలి ఈకలా ఉందని 2022లో ప్రకటించారు. అదే నిజమైతే ఈకల పుట్టుక ఈ రెండు వంశాల ఉమ్మడి పూర్వికుల దాకా వెనక్కి పోతుంది. దీని మీద వాదన ఇంకా నడుస్తోంది.

మరి పక్షులు ఎగిరే టెరోసార్ల వారసులు కాకపోతే ఎక్కడివి? 1887లో హ్యారీ సీలీ తుంటిని బట్టి డైనోసార్లను రెండుగా విడదీశాడు. ఒక వర్గంలో తుంటి మూడెముకల్లో ఒకటైన జఘనాస్థి ముందుకు చూస్తుంది, ఇంకోదాంట్లో పక్షుల్లోలా వెనక్కి తిరిగి ఉంటుంది. తమాషా ఏమిటంటే, పక్షులు పుట్టింది ఆ పక్షి తుంటి వర్గంలోంచి కాదు, మొదటి వర్గంలోంచి. టైరనోసార్, డైనోనికస్ వంటి రెండుకాళ్ల వేటజంతువుల శాఖలో జఘనాస్థి మరోసారి, విడిగా వెనక్కి తిరిగింది. 1996లో చైనాలో నూగుతో దొరికిన సైనోసారోప్టెరిక్స్ తర్వాత ఈ విషయంలో గట్టి అభ్యంతరం మిగల్లేదు. 6.6 కోట్ల ఏళ్ల కిందటి వినాశనంలో టెరోసార్లన్నీ పోయాయి. డైనోసార్లలో పక్షుల శాఖ ఒక్కటి బతికింది.

గోదావరి లోయ రాళ్లు ఇంకా పలుకుతూనే ఉన్నాయి. తెలంగాణలోని మాలేరి పొరల్లో దొరికిన, దాదాపు 22 కోట్ల ఏళ్ల నాటి వేట డైనోసార్‌కు 2025లో మాలేరిరాప్టర్ అని పేరు పెట్టారు. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. పుర్రె దొరకలేదు గనక దాని తల ఊహించి చేసిందే. ఈసారి పిల్లలను తీసుకుని వెళ్తే ఆ తల దగ్గర ఫొటో దిగడంతో సరిపెట్టకండి. తుంటి దగ్గరా చీలమండ దగ్గరా కాసేపు ఆగి చూడండి, పిల్లలకు చూపించండి.