ఆన్-ఇయరా? ఓవర్-ఇయరా? ప్రీమియం నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్‌లో ఏది కొంటే మంచిది?

ప్రీమియం వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ అంటే ఇప్పుడు చిన్న ఖర్చేం కాదు. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5 మన దేశంలో 34,990 రూపాయల ధరతో వచ్చింది. యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ అయితే 2020లో ఏకంగా 59,900 ధరతో వచ్చింది. ఆ డబ్బుకి మంచి ఫోనే వచ్చేస్తుంది. ఇంత పెట్టి కొన్నాక గంటకే చెవులు నొప్పెట్టి తీసి పక్కన పెట్టేస్తే? ఏఎన్‌సీ ఆన్ చేసినా బస్సు మోత వినబడుతూనే ఉంటే?

చాలామంది బ్రాండ్, బ్యాటరీ, డ్రైవర్ సైజు చూసి ఆర్డర్ పెట్టేస్తారు. వాటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. హెడ్‌ఫోన్ కప్పు మీ చెవి మీద కూర్చోవాలా, చెవి చుట్టూ కూర్చోవాలా? సౌండ్, సౌకర్యం, చివరికి మీ వినికిడి కూడా ఈ ఒక్క విషయంతో ముడిపడి ఉన్నాయి. అందుకే ఈ రెండు రకాల్నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

అసలు తేడా ఏంటి?

ఆన్-ఇయర్ హెడ్‌ఫోన్స్‌లో కప్పు చిన్నగా ఉంటుంది. కుషన్ నేరుగా చెవి మీదే ఆనుతుంది. ఓవర్-ఇయర్‌లో కప్పు పెద్దది. చెవి మొత్తం దాని లోపలికి వెళ్లిపోతుంది, కుషన్ చెవి చుట్టూ ఉన్న ఎముక మీద, చర్మం మీద ఆనుతుంది. ఫొటోలో చూస్తే ఇది సైజు తేడాలాగే అనిపిస్తుంది. వాడటం మొదలెట్టాక మాత్రం రెండూ వేరు వేరు వస్తువుల్లా ప్రవర్తిస్తాయి.

ఏఎన్‌సీకి సీల్ ఎందుకు కావాలి?

యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్ చేసే పని సూటిగా చెప్పాలంటే ఇదీ. హెడ్‌ఫోన్‌లోని మైకులు బయటి శబ్దాన్ని పట్టుకుంటాయి. లోపలి చిప్ దానికి సరిగ్గా తిరగేసిన తరంగాన్ని తయారుచేసి స్పీకర్ ద్వారా వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

విమానం ఇంజిన్, ఏసీ, ఫ్యాన్, ఆర్టీసీ బస్సు ఇంజిన్ లాంటి ఒకే తీరుగా సాగే లో-ఫ్రీక్వెన్సీ శబ్దాల మీద ఇది బాగా పనిచేస్తుంది. కారణం తరంగం పొడవే. 100 హెర్ట్జ్ శబ్ద తరంగం గాలిలో దాదాపు 3.4 మీటర్ల పొడవుంటుంది. అంత పొడవైన తరంగానికి ఎదురు తరంగాన్ని సరిపెట్టడం తేలిక. అదే 5,000 హెర్ట్జ్ అయితే పొడవు 7 సెంటీమీటర్లే. అక్కడ ఇసుమంత తేడా వచ్చినా లెక్క తప్పుతుంది. అందుకే కుక్కర్ విజిల్, పసిపిల్లల ఏడుపు, పక్క సీటాయన ఫోన్ మాటలు ఏఎన్‌సీ ఒక్కదానితో పూర్తిగా ఆగవు.

ఆ హై-ఫ్రీక్వెన్సీ శబ్దాల్ని ఆపాల్సింది కుషనే. దీన్నే ప్యాసివ్ ఐసోలేషన్ అంటారు. చెవి చుట్టూ గాలి చొరకుండా కుషన్ ఎంత బాగా మూసుకుంటే అంత నిశ్శబ్దం. ఓవర్-ఇయర్‌కి ఇక్కడ పుట్టుకతోనే లాభం ఉంది. ఆన్-ఇయర్ కుషన్ కింద ఉండేది ఎత్తుపల్లాల చెవి కాబట్టి ఎక్కడో ఒకచోట సందు మిగులుతుంది. ఆ సందులోంచి బయటి శబ్దం లోపలికొస్తుంది, లోపలి బేస్ బయటికి పోతుంది. పక్కవాళ్లకి మీ పాట వినబడటం కూడా ఆన్-ఇయర్‌లోనే ఎక్కువ.

రెండు మోడళ్లు పక్కపక్కన

ఈ పోలికకి బాగా సరిపోయే జోడీ బీట్స్ సోలో ప్రో, సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం4. మొదటిది 2019లో వచ్చిన ఆన్-ఇయర్, లాంచ్ ధర 299.95 డాలర్లు. రెండోది 2020లో వచ్చిన ఓవర్-ఇయర్, 349.99 డాలర్లు. అంటే రెండూ ప్రీమియం సెగ్మెంటే.

బరువు: సోలో ప్రో 267 గ్రాములు, ఎక్స్‌ఎం4 254 గ్రాములు. చూశారా, చిన్న కప్పున్నదే ఎక్కువ బరువు! ఆన్-ఇయర్ అంటే తేలిక అని గుడ్డిగా నమ్మకండి.

బ్యాటరీ: ఏఎన్‌సీ ఆన్‌లో సోలో ప్రోకి 22 గంటలు, ఎక్స్‌ఎం4కి 30 గంటలు అని కంపెనీలు చెప్పాయి. 10 నిమిషాల ఛార్జింగ్‌తో మొదటిది 3 గంటలు, రెండోది 5 గంటలు.

పోర్టులు: సోలో ప్రోలో లైట్నింగ్ పోర్ట్ ఒక్కటే, 3.5 ఎంఎం జాక్ లేదు. ఎక్స్‌ఎం4లో యూఎస్‌బీ-సీ, 3.5 ఎంఎం జాక్ రెండూ ఉన్నాయి. విమానంలో సీటు వెనక స్క్రీన్‌కి కనెక్ట్ చేయాలంటే ఈ జాకే దిక్కు.

ఫోన్‌తో జత: సోలో ప్రోలో యాపిల్ హెచ్1 చిప్ ఉంది, ఐఫోన్‌తో చిటికెలో కలుస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్లకి ఎక్స్‌ఎం4లోని ఎల్‌డాక్ కోడెక్ ప్లస్ పాయింట్. అయితే ఐఫోన్‌లో ఎల్‌డాక్ పనిచేయదు, అక్కడ ఏఏసీతోనే సరిపెట్టుకోవాలి.

సోలో ప్రో మంచి ప్రయత్నమే. ఏఎన్‌సీ బాగుంది, మడత విప్పితే ఆన్, మడిస్తే ఆఫ్ అయ్యే డిజైన్ ముచ్చటగా ఉంది. అయినా 2021 చివర్లో దాన్ని ఆపేశారు. 2024లో వచ్చిన సోలో 4 మళ్లీ ఆన్-ఇయరే, బరువు 217 గ్రాములకి తగ్గింది, బ్యాటరీ 50 గంటలకి పెరిగింది. కానీ అందులో ఏఎన్‌సీ లేదు!

ఇది ఒక్క బీట్స్ కథే కాదు. బోస్ 2006లోనే క్యూసీ3 పేరుతో వైరున్న ఆన్-ఇయర్ నాయిస్ క్యాన్సిలింగ్ మోడల్ తెచ్చింది. తర్వాత బ్యాంగ్ అండ్ ఒలుఫ్‌సెన్ బియోప్లే హెచ్8, ఏకేజీ ఎన్60ఎన్‌సీ లాంటివి వచ్చాయి. ఈ రోజు ఈ కంపెనీల టాప్ మోడళ్లు చూస్తే దాదాపు అన్నీ ఓవర్-ఇయరే. ఆన్-ఇయర్‌లో ఏఎన్‌సీ కావాలంటే జేబీఎల్ లైవ్ 670ఎన్‌సీ లాంటి మిడ్-రేంజ్ వైపు చూడాల్సిందే.

నొప్పా? చెమటా?

సీల్ బాగుండాలంటే ఆన్-ఇయర్ కుషన్ చెవిని గట్టిగా నొక్కాలి. అరగంట, గంట వరకు ఏమీ అనిపించదు. రెండు గంటల సినిమా మధ్యకొచ్చేసరికి చెవి అంచులు సలపడం మొదలవుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకి ఇంకా ఇబ్బంది, ఎందుకంటే కళ్లజోడు కాడని, చెవిని కలిపి నొక్కుతుంది. చెవికి దుద్దులు, బుట్టలు పెట్టుకునేవాళ్లు కూడా ఇది ఆలోచించుకోవాలి.

ఓవర్-ఇయర్‌లో ఆ నొప్పి బాగా తక్కువ. కళ్లజోడు కాడ దగ్గర కుషన్ కొంచెం లేచి సీల్ తగ్గుతుంది కానీ ఆన్-ఇయర్ అంత బాధ ఉండదు. దీని సమస్య వేరే, వేడి. మే నెల విజయవాడ ఉక్కలో రెజిన్ లెదర్ కుషన్లు పెట్టుకుని నడిస్తే పది నిమిషాల్లో చెవులు తడిసిపోతాయి. ఏసీ గదిలో, మెట్రోలో, విమానంలో పర్లేదు. ఎండలో నడకకి మాత్రం ఆన్-ఇయరే కాస్త నయం. చెమట పడితే పొడిబట్టతో తుడిచి కేసులో పెట్టండి, కుషన్లు త్వరగా పొట్టు లేవకుండా ఉంటాయి.

అసలు చూడాల్సింది వాల్యూమ్

ఇదొక్కటీ మర్చిపోవద్దు. బయటి శబ్దం లోపలికొస్తుంటే మనం చేసే మొదటి పని వాల్యూమ్ పెంచడం. రోజూ గంటన్నర బస్సు ప్రయాణం ఉన్నవాళ్లకి ఇది అలవాటైపోతుంది.

పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పిల్లలకైతే అది 75 డెసిబెల్సే. డెసిబెల్స్ 3 పెరిగిన ప్రతిసారీ సురక్షిత సమయం సగానికి పడిపోతుంది. 83కి 20 గంటలు, 86కి 10 గంటలు. శబ్దం వల్ల లోపలి చెవిలో దెబ్బతిన్న కణాలు మళ్లీ పెరగవు. మంచి సీల్, మంచి ఏఎన్‌సీ ఉంటే బస్సులో కూడా తక్కువ వాల్యూమ్‌కే పాట హాయిగా వినబడుతుంది. 30 వేలు పెట్టినందుకు దక్కే అసలైన లాభం ఇదే.

ఇంకో మాట. ఏఎన్‌సీ ఆన్ చేసుకుని రోడ్డు దాటొద్దు, బండి అస్సలు నడపొద్దు. వీధిలో నడిచేటప్పుడు ట్రాన్స్‌పరెన్సీ మోడ్ వాడండి, లేదా మెడలో వేసుకోండి.

షాపులో ఇలా చెక్ చేయండి

వీలైతే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేముందు ఒకసారి షోరూమ్‌కి వెళ్లి పెట్టుకుని చూడండి.

1. మీ కళ్లజోడుతోనే కనీసం 20 నిమిషాలు ఉంచుకోండి. అయిదు నిమిషాలకి ఏదైనా బాగానే ఉంటుంది.
2. బేస్ ఉన్న పాట పెట్టి రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే మీకు సీల్ సరిగ్గా కుదరలేదని అర్థం.
3. తల కిందికి, పక్కలకి ఊపి చూడండి. జారకూడదు.
4. పాట ఆపి, ఏఎన్‌సీ ఆన్ చేసి షోరూమ్ ఏసీ మోత ఎంత తగ్గిందో గమనించండి. కొందరికి ఏఎన్‌సీతో చెవుల్లో ఒత్తిడిలా అనిపిస్తుంది, అది కూడా ఇక్కడే తెలిసిపోతుంది.
5. కుషన్లు విడిగా దొరుకుతాయా, మార్చుకోవచ్చా అని అడగండి.

ఎవరైనా పాత సోలో ప్రో చవగ్గా ఇస్తామంటే తొందరపడకండి. ఆపేసి ఏళ్లు గడిచిన మోడల్, లోపలి బ్యాటరీ వయసు కూడా అంతే ఉంటుంది.

మరి ఎవరికి ఏది?

రోజూ బస్సు, రైలు, విమాన ప్రయాణాలు, ఆఫీసులో గంటల తరబడి పని, ఇంట్లో సినిమాలు అయితే ఇంకేం ఆలోచించకుండా ఓవర్-ఇయర్ తీసుకోండి. కళ్లజోడు ఉన్నవాళ్లకి కూడా మా సలహా ఇదే. బ్యాగులో చోటు తక్కువైతే మడిచే మోడల్ చూసుకోండి. ఎక్స్‌ఎం4 మడుస్తుంది, ఎక్స్‌ఎం5 మడవదు, ఎక్స్‌ఎం6లో ఆ మడత మళ్లీ తిరిగొచ్చింది. ఛార్జింగ్ గొడవ వద్దనుకుంటే 60 గంటల బ్యాటరీ ఉన్న సెన్‌హైజర్ మొమెంటమ్ 4 ఉంది.

రోజుకి గంటలోపు వినేవాళ్లు, వేడి తట్టుకోలేనివాళ్లు, పక్కన పిలిస్తే వినబడాలనుకునేవాళ్లు ఆన్-ఇయర్ తీసుకోవచ్చు. కాకపోతే దానికి ప్రీమియం ఏఎన్‌సీ ధర పెట్టాల్సిన పనిలేదు, మిడ్-రేంజ్‌లో తీసుకుని మిగిలిన డబ్బు దాచుకోండి.

మీరు ఏది వాడుతున్నారు? ఎండాకాలంలో ఎలా నెట్టుకొస్తున్నారు? కామెంట్స్‌లో చెప్పండి.