ఉద్యోగం పోతే... మచ్చ పడ్డట్టేనా?

పొద్దున్నే లేచి ల్యాప్‌టాప్ తెరిస్తే లాగిన్ కాదు. 'సర్వర్ డౌన్ అయిందేమో' అనుకునేలోపే సొంత మెయిల్‌కి కబురు... ఉద్యోగం లేదని! 2023 జనవరిలో గూగుల్ 12 వేలమందిని తీసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు అమెరికాలో చాలామందికి విషయం తెలిసింది ఇలాగే.

అక్కడ మెయిల్ వస్తే ఇక్కడ విజయవాడలోనో కరీంనగర్‌లోనో అమ్మానాన్నల గుండెల్లో రాయి పడుతుంది. ఇంటి లోను వాయిదాలెలా? కుదరబోయే సంబంధం తప్పిపోతుందా? అన్నిటికీ మించి, రెజ్యూమెలో ఈ మచ్చ పోయేదెలా?

నిజానికది మచ్చే కాదు. సాఫ్ట్‌వేర్ రంగానికి కోతలు కొత్తేం కాదు. 2000-01లో డాట్‌కామ్ బుడగ పేలింది. 2008లో మాంద్యం వచ్చింది. 2022 నవంబరులో మెటా 11 వేలమందిని, 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10 వేలమందిని వద్దనుకున్నాయి. వీళ్లంతా పని రానివాళ్లా? కానేకాదు. కరోనా రోజుల్లో కంపెనీలు అవసరానికి మించి మనుషుల్ని తీసుకున్నాయి. గిరాకీ తగ్గేసరికి భారం దించుకున్నాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ ఈ సంగతి తెలుసు.

మన హైదరాబాద్‌నే చూడండి. 2009 జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడింది. తప్పు పైవాళ్లది, దిగులు వేలాది ఉద్యోగులది. ఏప్రిల్‌లో ఆ సంస్థ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. కొందరు అక్కడే ఉండిపోయారు, కొందరు వేరే దారి చూసుకున్నారు. సంస్థ పేరు చెడినంత మాత్రాన వాళ్లు నేర్చుకున్న పని ఎక్కడికీ పోలేదు.

అబద్ధంతోనే చిక్కు!

అసలు ప్రమాదం ఖాళీ నెలల్ని దాచాలనుకోవడంలో ఉంది. దొంగ అనుభవ పత్రం కొనుక్కుంటే సరిపోతుందనుకుంటారు కొందరు. కానీ ఎప్పుడు ఎక్కడ పనిచేశారో పీఎఫ్ ఖాతాకున్న యూఏఎన్ నంబరు చెప్పేస్తుంది. చేరాక బయటపడితే, వచ్చిన ఉద్యోగమూ పోతుంది. అప్పుడు పడేదే అసలైన మచ్చ.

'ప్రాజెక్టు మూతపడింది, మా బృందం మొత్తాన్ని తీసేశారు' అని ఒక్క ముక్కలో చెప్పేస్తే చాలు. ఆ తర్వాత మాట్లాడాల్సింది చేసిన పని గురించే. పాత కంపెనీని తిట్టిపోయడం మాత్రం తగదు. బయటికొచ్చేటప్పుడే రిలీవింగ్ లెటర్, పేస్లిప్‌లు అడిగి తీసుకోవాలి.

కోరి మారేవాళ్ల సంగతి వేరు. జీతం కోసం ఒకసారి మారితే ఎవరూ తప్పుపట్టరు. ఏడాదికో కంపెనీ చొప్పున నాలుగు మారితే మాత్రం 'ఇక్కడెన్నాళ్లుంటావు?' అన్న ప్రశ్న తప్పదు. ప్రతి చోటా కొత్తగా ఏం నేర్చుకున్నారో చెప్పగలిగితేనే దానికి జవాబు.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి గడువు మరీ తక్కువ. ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా మరో సంస్థ వాళ్ల తరఫున దరఖాస్తు చేయాలి, లేదా వీసా మార్చుకోవాలి. లేదంటే తిరుగు ప్రయాణమే. ఆ రోజుల్లో ఇంటినుంచి రోజూ ఫోన్ చేసి 'ఏరా, ఇంకా దొరకలేదా?' అని అడిగితే బెంగ రెట్టింపవుతుంది. 'తిన్నావా నాన్నా?' అని అడిగితే చాలు. మిగతాది వాడే చెబుతాడు.