మదీనా చెంత ఒక అగ్నిపర్వతం

ఉమ్రాకు వెళ్ళిన మనవారు మదీనా మునవ్వరాలో ఖుబా, ఖిబ్లతైన్ మస్జిదులనూ ఉహుద్ కొండనూ తప్పక చూసి వస్తారు. నగరానికి తూర్పునా పడమరా పరచుకొని ఉన్న నల్లరాళ్ళ నేలలను మాత్రం బస్సు కిటికీలోంచి చూసి ఊరుకుంటారు. అరబ్బీలో వాటిని ‘హర్రా’ అంటారు. అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టగా ఏర్పడిన నేలలవి. దైవప్రవక్త (స) మదీనా పవిత్ర హద్దులను నిర్ణయిస్తూ ఈ రెండు నల్లరాతి నేలల నడుమ ఉన్న భూభాగాన్ని హరమ్‌గా ప్రకటించారు. హదీసు పాఠంలో ‘లాబతైన్’ అనే మాట వచ్చినప్పుడు అర్థం చెప్పి ముందుకు సాగిపోతాం. ఆ రాళ్ళ మీద నడిస్తే తప్ప ఆ మాట పూర్తిగా బోధపడదు.

మేము నలుగురం. మా ముగ్గురికీ తోడు మదీనాలో కారు నడుపుకుంటున్న కడప సోదరుడు. ఫజ్ర్ నమాజు మస్జిదె నబవీలో చేసుకొని, నగరానికి ఆగ్నేయాన ఉన్న మల్సా కొండకు బయలుదేరాం. మక్కా దిక్కుగా సుమారు 300 కిలోమీటర్లు వ్యాపించిన హర్రతె రహాత్‌కు ఇది ఉత్తరపు కొస. హిజ్రీ 654లో, అనగా క్రీ.శ. 1256లో, ఇక్కడే నేల చీలి అగ్ని వెలువడింది.

కొండ ఎత్తు ఏమంత కాదు గాని ఎక్కడం సులువు కాదు. కొలిమిలో మిగిలే చిట్టెం లాంటి గుల్లరాళ్ళు కాలి కింద జారిపోతూ ఉంటాయి. చెప్పులతో వచ్చిన గుంటూరు మిత్రుడు సగం దారిలో కూలబడి, “మౌలానా, ఈ రాతి మీద తయమ్ముమ్ చెల్లుతుందా?” అని అడిగారు. రాయి గనుక చెల్లుతుందనీ, సీసాలో నీళ్ళున్నాయి గనుక మనకు మాత్రం చెల్లదనీ చెప్పాను. అందరం నవ్వుకున్నాం.

శిఖరం అంచున నిలిస్తే లోపల పెద్ద గిన్నె లాంటి గొయ్యి కనిపిస్తుంది. ఒకే వరుసలో మరికొన్ని గుట్టలు ఉన్నాయి. రెండు కిలోమీటర్లకు పైగా నేల చీలిన గీత అది. అక్కడి నుంచి లావా 23 కిలోమీటర్లు పారింది. ఇంకా పారుతూ ఉండగా ఎవరో ఆపినట్టుంది ఆ నల్లని ఏరు.

“సమూద్ జాతి నివసించిన హిజ్ర్ ప్రాంతం గుండా పోయేటప్పుడు ఏడుస్తూ పొమ్మని ప్రవక్త (స) ఆదేశించారు కదా, మనం ఇక్కడికి సరదాగా రావచ్చునా?” అని గుంటూరు మిత్రుని సందేహం. మంచి ప్రశ్నే. హిజ్ర్ శిక్షకు గురై నశించినవారి నివాసం. ఇక్కడ నశించినవారు లేరు, రక్షింపబడినవారున్నారు. హిజాజ్ నుంచి ఒక అగ్ని వెలువడి బుస్రాలోని ఒంటెల మెడలను వెలిగిస్తుందని ప్రవక్త (స) ముందే తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఈ అగ్ని రేగిన నాటికి ఇమామ్ నవవీ సిరియాలో ఇరవై మూడేళ్ళ యువకుడు. తమ కాలంలోనే మదీనాలో అగ్ని వెలువడిందని సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ఆయన స్వయంగా పేర్కొన్నారు.

ఆ దినాలలో మదీనా నుంచి డమాస్కస్ చేరిన ఉత్తరాలను చరిత్రకారుడు అబూ షామా భద్రపరిచారు. మొదట కొన్నాళ్ళు భూమి కంపించింది. పిదప రేగిన అగ్ని 52 రోజులు మండింది. నగర ఖాజీ అమీరు వద్దకు పోయి, అల్లాహ్ వైపు మరలమని హెచ్చరించాడు. అమీరు తన బానిసలనందరినీ విముక్తులను చేశాడు, ప్రజల సొత్తు ప్రజలకు తిరిగి ఇచ్చివేశాడు. ఆ పని అయిన తరువాతనే ఖాజీ అతణ్ణి మస్జిదె నబవీకి రమ్మని పిలిచాడు. స్త్రీలు, పిల్లలతో సహా జనమంతా ఆ రాత్రి అక్కడే గడిపారు. ఆ క్రమాన్ని గమనించమని మిత్రులతో అన్నాను. హక్కులు ముందు తీరాయి, దుఆ తరువాత జరిగింది.

అంతవరకూ మాట్లాడని మూడో మిత్రుడు దిగేటప్పుడు నా పక్కకు వచ్చారు. తండ్రి గతించి తొమ్మిదేళ్ళయింది. “ఆస్తి సంగతి వచ్చినప్పుడు చెల్లెళ్ళిద్దరూ ‘మాకేం వద్దన్నా’ అన్నారు. ఇంకా బాకీ ఉంటుందా?” అని అడిగారు. మన ఇళ్ళలో ఈ ‘వద్దన్నా’ అనే మాట ఎన్నిసార్లు విన్నానో! పుట్టింటి గడప దూరమవుతుందనే భయంతో, నలుగురి ఎదుట మొహమాటంతో ఆడపిల్ల అనే మాట అది. దానివల్ల వాటా రద్దు కాదు. తండ్రి కన్ను మూసిన క్షణమే అది ఆమె సొంతమయింది. ముందు ఆమె వాటాను ఆమె చేతికి అప్పగించాలి. ఆపైన మనస్ఫూర్తిగా తిరిగి ఇస్తే అది కానుక.

తల్లి అంతకుముందే గతించారట. తండ్రికి అప్పులు గాని వసీయతు గాని లేవట. ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు గనుక మొత్తం నాలుగు భాగాలు. కొడుకుకు రెండు, కూతుళ్ళకు ఒక్కొక్కటి. కారులో కూర్చున్నాక ఆయన జేబులోంచి కాగితం తీసి లెక్క రాసుకోసాగారు. కడప సోదరుడు ఇంజను వెంటనే స్టార్టు చేయలేదు.

“నాలుగేళ్ళ కిందట అమ్మేసిన పెరటి స్థలం కూడా ఇందులో కలపాలా?” అని అడిగారు.

కలపాలన్నాను.