మీకు తెలుసా? నిద్రలేమి రాత్రితో ఆగదు

నిద్రలేమి అంటే రాత్రిపూట పడే బాధే అనుకుంటాం. కానీ నిద్రలేమి ఉన్నవారి శరీరం తీరు పట్టపగలు కూడా వేరే. అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో పనిచేసిన మైకేల్ బానెట్, డోనా అరాండ్ 1995లో దీన్ని కొలిచి చూపించారు. నిద్రలేమి ఉన్నవారు 10 మంది, వయసులో, బరువులో వాళ్ళకు సరిజోడైన మంచి నిద్రపరులు 10 మంది. అందరినీ 36 గంటలు ల్యాబ్‌లోనే ఉంచి, ఎవరి ఒళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుతోందో లెక్కగట్టారు. నిద్రలేమి ఉన్నవారి వాడకం రాత్రే కాదు, పగలూ ఎక్కువే! రాత్రి మేలుకుని ఉన్న సమయాన్ని పక్కనపెట్టినా తేడా పోలేదు.

మరి ఇదంతా నిద్ర చాలకేనా? అది తేల్చడానికి ఆ ఇద్దరే, బాగా నిద్రపోయేవారిని వారం పాటు అచ్చం నిద్రలేమి ఉన్నవారిలాగే మధ్యమధ్య లేపారు. వాళ్ళకు పగలు కునుకుపాట్లు పెరిగాయి, ఒంటి వేడి తగ్గింది. అసలు నిద్రలేమి ఉన్నవారికి పగలు పడుకున్నా కునుకు త్వరగా పట్టదు. అంటే వాళ్ళ ఒంటి వాడకం ఎక్కువగా ఉండటానికి నిద్ర చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. మెదడులోనూ ఇదే వరస: నిద్రలోకి జారినా వాళ్ళ మెదడు గ్లూకోజ్ వాడకం తగ్గాల్సినంత తగ్గదని 2004లో స్కానింగుల్లో కనిపించింది.